మొదటి షిఫ్టు వాళ్ళ విహారయాత్ర

నా సర్వీసు మొత్తంలో నేను వెళ్ళింది ఒక్కటే విహారయాత్ర. అది కూడా డ్యూటీ కిందికే వస్తుంది. హన్మకొండలో ఒక ఆసుపత్రి డయాలసిస్ వార్డుకు హెడ్ సిస్టర్‌గా ఉన్న రోజుల్లో, మొదటి షిఫ్టులో వచ్చే ఆరుగురు పేషెంట్లను వెంటబెట్టుకుని హైదరాబాద్ అవతల ఉన్న ఒక పెద్ద అమ్యూజ్‌మెంట్ పార్కుకు పోయి వచ్చాను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలు కనిపించినప్పుడల్లా మెషీన్ల గురించి అడుగుతారు. మెషీన్ల సంగతి కంపెనీ వాళ్ళిచ్చే పుస్తకంలో ఉంటుంది. నేను పార్కు సంగతి చెబుతాను.

తెలియని వాళ్ళకోసం ఒక్క మాట. కిడ్నీలు చెడిపోయిన మనిషికి వారానికి మూడుసార్లు మెషీన్ మీద రక్తం శుభ్రం చేస్తాం. అతనికి మూత్రం రాదు, తాగిన నీళ్ళు ఒంట్లోంచి బయటికి పోయే దారి ఉండదు. అందుకని రోజుకు ఇన్నే తాగాలని కొలత పెడతాం. కొలత దాటితే ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి చేరి ఊపిరాడదు. ఆ ఏడు ఎండాకాలంలో మా మొదటి షిఫ్టు పేషెంటు ఒకాయన మేనకోడలి పెళ్ళికి పోయి, ఎండకు ఆగలేక చల్లటి నీళ్ళు తాగి, తెల్లారేసరికి చనిపోయాడు. అతని బెడ్డు ఖాళీ అయితే ఒక ఇంజనీరింగ్ చదివే అమ్మాయికి ఇచ్చాం. మా దగ్గర కొత్తవాళ్ళకు చోటు దొరికేది అట్లాగే.

యాత్ర ఆలోచన మా వార్డు టీవీలోంచి వచ్చింది. రిమోట్ పోయి నెలలైంది కాబట్టి ఎప్పుడూ ఒకటే చానల్. అందులో పది నిమిషాలకోసారి ఆ పార్కు ప్రకటన. పెద్ద కొలను, అందులో అలలు, అలల్లో జనం కేరింతలు. నీళ్ళు కొలిచి తాగేవాళ్ళ ముందు రోజూ అదే ఆడుతుండేది.

ఒకరోజు రెండో బెడ్డు మీదున్న ఆటో డ్రైవరు, డయాలసిస్ లేని రోజుల్లో ఖిలా వరంగల్‌కు టూరిస్టులను తిప్పే మనిషి, నన్ను పిలిచాడు.

"సిస్టరమ్మా, ఆ నీళ్ళల్ల ఒక్కపారి దిగాలె. తాగ. కసమ్, ఒట్టు. ఉత్తగ దిగుత."

పక్క బెడ్డు మీద ములుగు అవతలి ఊరి నుంచి బస్సులో వచ్చే పెద్దమ్మ ఉండేది. ఆమె చూపు ఆ ప్రకటనలో కనిపించే జెయింట్ వీల్ మీద ఉంది.

"గా గిర్ర మీద కూసుంటె మా ఊరు కనవడ్తదా బిడ్డా?"

మెషీన్ దగ్గర నిలబడ్డ మా టెక్నీషియన్ తల తిప్పకుండానే జవాబిచ్చాడు. "కనవడది పెద్దమ్మా. నడుమ జనగామ ఉన్నది."

ఈ టెక్నీషియన్ గురించి చెప్పాలి. ముప్పై దాటిన మనిషి. నవ్వడని కాదు, నవ్వాల్సిన విషయం ఏదో తేల్చుకునేసరికి అందరూ నవ్వేసి ఉండేవారు. పెళ్ళికి పోతే భోజనాల దగ్గర ఏ బంతి త్వరగా లేస్తుందో చూసి, ఆ కుర్చీల వెనక నిలబడేవాడు. అతనికి ఏ పనైనా ఒప్పజెప్పనక్కర్లేదు, అతను వింటుండగా ఆ పని పేరెత్తితే చాలు.

మర్నాడు నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"సిస్టర్, పోవచ్చు. మెషీన్ లేని రోజు పొద్దున పోయి సాయంత్రం రావచ్చు. ఒక్కటే ప్రాబ్లం. లైన్."

"లైన్‌తోని ఏంది ప్రాబ్లం?"

"వేరేటోళ్ళకు లైన్ అంటె బోర్. మనోళ్ళకు లైన్ అంటె ఎండ. ఎండ అంటె దూప. దూప అంటె నీళ్ళ బాటిల్." ఖాళీ అయిన ఆ బెడ్డు వైపు, ఇప్పుడు చున్నీ మెడకు చుట్టుకుని చదువుకుంటున్న అమ్మాయి వైపు, ఒకసారి చూశాడు.

నేను సరే అన్నది అప్పుడు. సరదా కోసం అని ఉంటే నేను ఒప్పుకునేదాన్ని కాదేమో.

తర్వాత కొన్ని వారాలు మా వార్డు పార్కు వాళ్ళ ఆఫీసులా తయారైంది. అతను ఆ పార్కు మీద ఉన్న వీడియోలన్నీ చూశాడు. దసరా సెలవులు అయిపోయి, బడి పిల్లలు పరీక్షల్లో ఉన్న ఒక మంగళవారం ఖాయం చేశాడు. టికెట్లు ముందే ఫోన్లో తీసుకున్నాడు. గేటు తెరవకముందే అక్కడ ఉండాలన్నాడు. జనమంతా లోపలికి పోగానే కళ్ళ ముందు కనిపించిన దానికే ఎగబడతారు కాబట్టి మనం తిన్నగా పార్కు చిట్టచివరికి పోయి అక్కడినుంచి వెనక్కి రావాలన్నాడు. వాళ్ళు ఆడుకునేటప్పుడు మనం తినాలి, వాళ్ళు తినేటప్పుడు మనం ఎక్కాలి. దీనికి రిహార్సల్ కూడా పెట్టాడు. లిఫ్ట్‌ను గేటు అనుకోమని, స్టోర్ రూమును రైలుబండి అనుకోమని, ఆరుగురినీ కారిడార్‌లో నడిపించాడు. పెద్దమ్మ స్టోర్ రూము దాకా వచ్చి, "రైలెక్కిన. ఇగ దిగుత," అని వెనక్కి తిరిగింది. ఆటో డ్రైవరు మధ్యలో హారన్ కొట్టాడు. టెక్నీషియన్ అతన్ని మళ్ళీ మొదటి నుంచి నడవమన్నాడు.

డాక్టరు సారును ఒప్పించడం నా వంతు. ఆయన ముందు షరతులు పెట్టాడు. పెద్దగా ఊపేవి, తలకిందులు చేసేవి వద్దన్నాడు. సూదులు గుచ్చే చేతికి దెబ్బ తగలకూడదు, తడి తగలకూడదు. ఇంజనీరింగ్ అమ్మాయికి ఇంకా మెడలో ట్యూబే ఉంది, ఆమె నీళ్ళ దరిదాపులకు పోకూడదు. చీకటి పడేలోగా వరంగల్‌లో ఉండాలి.

"మర్నాడు పొద్దున అందరి బరువు నేనే చూస్త. పెరిగితె నీదే బాధ్యత సిస్టర్," అన్నాడు.

"ఎప్పుడు నాది కాదు సార్?" అన్నాను. ఆయన సంతకం పెట్టాడు.

మంగళవారం పొద్దున మినీ వ్యానులో బయల్దేరాం. ఒక్కొక్కరి చేతిలో చిన్న సీసా, ఆ రోజుకు అవే నీళ్ళు. టెక్నీషియన్ భుజానికి ఐసు ముక్కల ఫ్లాస్కు. దూప ఎక్కువైన వాళ్ళు చెయ్యి చాస్తే ఒక ముక్క పెట్టేవాడు, గుడి దగ్గర పూజారి ప్రసాదం పెట్టినట్టు, ఎవరికీ రెండోది లేకుండా.

ఆ పూట అతను అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. ఇన్నేళ్ళలో అంత ఖచ్చితంగా నడిచిన పని నేను చూడలేదు. జనమంతా గేటు దగ్గరే ఆగిపోయారు, మేం చివరికి పోయాం. బొమ్మ రైలులో మేమే, పడవలో మేమే. పడవ నడిపేవాడు మా వాళ్ళ చేతుల మీది బ్యాండేజీలు చూసి, ఏదైనా యాక్సిడెంటా అని అడిగాడు. "అవ్, అందరం ఒకటే బండిల ఉన్నం," అన్నాడు ఆటో డ్రైవరు.

అలల కొలను దగ్గర ఆటో డ్రైవరు అద్దె నిక్కరు వేసుకుని దిగాడు. నడుం లోతులో నిలబడి, సూదుల చెయ్యిని పైకెత్తి పట్టుకున్నాడు, బస్సు ఆపమని అడిగే మనిషిలా. అల వచ్చినప్పుడల్లా నోరు గట్టిగా మూసుకునేవాడు. ఆ మూసుకోవడం చూడలేక నేను వేరే వైపు చూశాను.

వేరే వైపు చూసేసరికి పెద్దమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని కొలను అంచున నిలబడి ఉంది. పాదాల మీదికి అల వచ్చి పోతోంది. కాపలా అతను విజిల్ వేసి పరుగెత్తుకొచ్చాడు.

"చీరతోటి నీళ్ళల్లకు దిగద్దమ్మా!"

"నేను దిగలే బిడ్డా. అవే వచ్చినయ్."

అతను విజిల్ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇంజనీరింగ్ అమ్మాయి దూరంగా కుర్చీలో కూర్చుని అందరి చెప్పులకూ కాపలా ఉంది. పొద్దుటినుంచి ఏదీ కావాలనలేదు. మేం ఉప్పు తక్కువ పెరుగన్నం అందరికంటే ముందే తినేశాం. ఇక జెయింట్ వీల్ వైపు కదలాలి, మిగతా జనం భోజనాలకు పోయే వేళ అది, అప్పుడు ఆ అమ్మాయి నా కొంగు పట్టుకుని ఆపింది.

"సిస్టర్, నాకొకటి కావాలె." పైన కేకలతో తిరుగుతున్న పెద్ద రోలర్ కోస్టర్‌ను చూపించింది.

"డాక్టర్ సార్ ఏమన్నడు బిడ్డా?"

"ఎక్క సిస్టర్. లైన్ల నిలవడ్త. గేటు దాక పోయి వాపస్ వస్త."

టెక్నీషియన్‌కు అర్థం కాలేదు. "ఎక్కనప్పుడు లైన్ ఎందుకు?"

"మా క్లాసోళ్ళు పోయినేడు వచ్చిన్రన్నా. నేను అప్పుడు ఐసీయూల ఉన్న. వీడియోలు పంపిన్రు. పైకెక్కినంక ఫోన్లు పట్టనియ్యరట. వీడియోలన్ని లైన్లయే. ఒకల మీద ఒకలు పడి నవ్వుకుంట, అరుసుకుంట. నేను అవ్వే చూసిన, ఎన్నిసార్లో."

గేటు దగ్గరి బోర్డు మీద గంట పడుతుందని రాసి ఉంది. అంతలో ఏదో కాలేజీ వాళ్ళ బస్సులు వచ్చి, ఆ లైన్ చూస్తుండగానే పెరుగుతోంది. కొన్ని వారాలుగా ఏ ఒక్క లైనూ తగలకుండా చూడాలని ప్రాణం పెట్టిన మనిషి ముఖం వైపు నేను చూశాను. అతను టైమ్ చూసుకోలేదు. వ్యానులోంచి గొడుగు తెచ్చాడు.

"పా. నేను గూడ వస్త."

మిగతా వాళ్ళతో నేను చెట్టు నీడన కూర్చున్నాను. అక్కడినుంచి లైన్ కనిపిస్తోంది. వెనకాల ఉన్న కాలేజీ అమ్మాయిలు కాసేపట్లోనే ఆమెతో మాట కలిపారు. ఏ కాలేజీ, ఏ బ్రాంచి అని అడిగి ఉంటారు. చున్నీ కింద ఏముందో వాళ్ళకు తెలియదు. ఒకామె ఫోన్ పైకెత్తింది, అందరూ తలలు దగ్గర పెట్టారు. మా అమ్మాయి నవ్వుతోంది. వార్డులో ఆమె పళ్ళు నేనెప్పుడూ చూడలేదు. వాళ్ళ వెనక టెక్నీషియన్ గొడుగును చాపిన చేత్తో ఆమె మీద పట్టుకుని, తను ఎండలో నిలబడ్డాడు.

గేటుకు ఇంకా కొంచెం దూరం ఉందనగా గొడుగు వంగింది. తర్వాత అతను వంగాడు. నేను లేచి పరుగెత్తేలోపే కింద పడ్డాడు.

నేను పోయేసరికి నాకు పని మిగల్లేదు. అమ్మాయి నేలమీద కూర్చుని అతని మణికట్టు పట్టుకుని ఉంది. "కాళ్ళు లేపున్రి! నెత్తి కింద ఏం పెట్టకున్రి! జరుగున్రి, గాలి రానియ్యున్రి!" అని అరుస్తోంది. మెషీన్ మీద ఉండగా బీపీ పడిపోతే మేం ఆమెకు చేసేవన్నీ వరసగా అతనికి చేయిస్తోంది. కాలేజీ అమ్మాయిలు తలో కాలు పట్టుకున్నారు. పార్కు మనిషి ఆమెను డాక్టరనుకుని, "స్ట్రెచర్ తేవాల్నా మేడమ్?" అని అడిగాడు. "తేకుంటె ఎట్ల?" అంది ఆమె.

ఫస్ట్ ఎయిడ్ గదిలో ఒక చిన్న నర్సు ఉంది. అతనికి సెలైన్ పెట్టింది. ఎండదెబ్బ, ఒంట్లో నీళ్ళు లేవు, అంతకుమించి ఏం లేదంది. మా ఆరుగురూ మంచం చుట్టూ చేరారు. మామూలుగా వాళ్ళు పడుకుంటే చుట్టూ మేం ఉంటాం. అతను కళ్ళు తెరిచి వాళ్ళను చూసేసరికి లేవబోయాడు. పెద్దమ్మ భుజం మీద చెయ్యేసి పడుకోబెట్టింది.

"పొద్దుగాల్నుంచి ఎన్ని నీళ్ళు తాగినవ్ కొడకా?"

రోజూ అతను వాళ్ళను అడిగే ప్రశ్న అది.

"తాగలే."

"ఎందుకు తాగలే?"

అతను గోడవైపు తిరిగాడు. "మీ ముంగట ఎట్ల తాగాలె?"

ఆటో డ్రైవరు స్టాండుకు వేలాడుతున్న సెలైన్ సీసా వైపు చూస్తున్నాడు. చుక్క చుక్కా పడుతోంది. చాలాసేపు చూశాడు.

"మొత్తం నీకేనా తమ్మీ?"

అందరం ఒక్కసారి నవ్వాం. చిన్న నర్సు బెదిరిపోయి తలుపు దగ్గరికి జరిగింది. టెక్నీషియన్ నవ్వలేదు. "ఇది తాగేది కాదు, ఎక్కించేది," అని సర్దిచెప్పాడు.

ఆటో డ్రైవరు బయటికి పోయి చల్లటి నీళ్ళ బాటిల్ కొనుక్కొచ్చాడు. మూత తీసి అతని చేతిలో పెట్టాడు. "నా ఆటోల సవారీలు రోజు నా ఎనకనే కూసోని లస్సీ తాగుతరు. నేను అద్దంల చూస్త. ఆల్లు తాగితె నాకు దూప పెరగది, తాగకుంటె తగ్గది. ఫికర్ జెయ్యకు. తాగు."

అతను తాగడం మొదలుపెట్టాడు. ఆరుగురూ కన్నార్పకుండా చూశారు. నీళ్ళు గొంతులోంచి దిగే చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

"మెల్లగ," అన్నాడు ఆటో డ్రైవరు. "గటగట తాగితె రుచి తెల్వది."

అతను మెల్లగా తాగాడు. సీసా సగమయ్యాక ఏడ్చాడు. అది అందరూ చూశారు. పెద్దమ్మ కొంగుతో అతని మూతి తుడిచింది, అక్కడ ఏమీ లేకపోయినా.

అతను లేచి నిలబడేసరికి పొద్దు వాలింది. జెయింట్ వీల్ కింద లైన్ కొండచిలువలా చుట్టలు తిరిగి ఉంది. చీకటి పడేలోగా వరంగల్ చేరతామని డాక్టరుకు మాటిచ్చాను. నేను చెప్పకముందే పెద్దమ్మ సంచి సర్దుకుంది.

"గిర్ర ఎటు పోతది బిడ్డా, తిరుగుకుంట ఆడనే ఉంటది. పోదాం పాండ్రి."

అప్పుడు చిన్న నర్సు, "మీరందరు పేషెంట్లా? మరి లైన్ల ఎందుకు నిలవడుడు? ఆసుపత్రి కాయితం చూపిస్తె పక్క గేటుకెల్లి డైరెక్ట్ పంపిస్తరు గద," అంది.

టెక్నీషియన్ మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు. నేను నాడి చూశాను, బాగానే ఉంది. "ఏ వీడియోల చెప్పలే సిస్టర్," అన్నాడు. పార్కు వాళ్ళనే అడగొచ్చు కదా అని నేను అనలేదు. నాకూ తోచలేదు కాబట్టి.

పక్క గేటు నుంచి వెంటనే పంపించారు, చీకటి పడ్డాకే వరంగల్ చేరినా డాక్టరుకు నేను చెప్పుకుంటాననుకున్నాను. పెద్దమ్మ, నేను ఒక డబ్బాలో కూర్చున్నాం. పైకి పోయాక అది కాసేపు ఆగింది. ఆమె రెండు చేతులతో కడ్డీ పట్టుకుని మా ఊళ్ళు ఎటువైపని అడిగింది. నాకు దిక్కు తెలియక ఒకవైపు చూపించాను. అటే చూస్తూ కూర్చుంది. "కనవడ్తలే," అంది చివరికి, ఫిర్యాదులా కాదు, చూసి తేల్చుకున్నట్టు. "గని మస్తు దూరం కనవడ్తాంది."

కిందికి దిగాక కాలేజీ అమ్మాయిలు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. "మీ అన్నకు ఎట్లుంది? నీ జాగ ఉంచుదామని చూసినం, లైన్ కాడి మనిషి ఉంచనియ్యలే," అని మా అమ్మాయితో చెప్పారు. ఆమె వాళ్ళకు ఏం చెప్పుకుందో నేను వినలేదు. ఒకామె ఆమెను కావలించుకుంది, మెడకు తగలకుండా, ఒక పక్కనుంచి. చెప్పి ఉంటుంది.

బుధవారం పొద్దున డాక్టరు సారు స్వయంగా బరువు మెషీన్ పక్కన నిలబడ్డాడు. ఆరుగురిలో ఒక్కరు కూడా కొలత దాటలేదు. మామూలు వారాల్లో అట్లా ఎప్పుడూ జరగదు. ఆయన బరువు మెషీన్‌ను కాలితో కొంచెం జరిపి, మళ్ళీ ఎక్కించాడు. అదే బరువు.

"అక్కడ ఎవ్వరికి ఏం కాలేదా?"

ఆరుగురూ టెక్నీషియన్ వైపు చూశారు.

"పేషెంట్లకు ఏం కాలేదు సార్," అన్నాడు అతను.

అంతకుముందు మా వార్డులో ఎవరమైనా నీళ్ళు తాగాలంటే బయట మెట్ల దగ్గరికి పోయేవాళ్ళం. నేను టీ కూడా అక్కడే తాగేదాన్ని. ఎవరూ పెట్టిన రూలు కాదు. ఆ వారం నుంచి టెక్నీషియన్ బాటిల్ తన టేబుల్ మీదే ఉండేది. కొత్తగా చేరిన ఒక సిస్టర్ చూసి, ఈయనకు మనసు లేదని నాతో అంది. ఆమెను రెండో బెడ్డు మీది ఆటో డ్రైవరు దగ్గరికి పంపాను, అక్కడ అడగమని. ఆమె తిరిగొచ్చి తన బాటిల్ కూడా టేబుల్ మీద పెట్టింది. దయ చూపించడమంటే ఏమిటో మనమే ఊహించుకుని, ఆ ఊహ మీదే ఏళ్ళు గడిపేస్తాం. ఎదుటివాడిని అడగం. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది దాదాపు ఇంతే, దానికి పార్కు దాకా పోవాల్సి వచ్చింది.

ఆటో డ్రైవరు ఇంకో రెండేళ్ళు వచ్చాడు. ఒక శుక్రవారం రాలేదు. ఇంటికి ఫోన్ చేస్తే వాళ్ళ తమ్ముడు ఎత్తాడు. అంతిమయాత్రకు టెక్నీషియన్, నేను పోయాం. పెద్దమ్మకు వాళ్ళ దగ్గర్లోనే డయాలసిస్ సెంటర్ తెరవడంతో మా దగ్గరికి రావడం మానేసింది. అక్కడ బాగానే చూస్తారని, టీవీ మాత్రం లేదని కబురు పంపింది.

ఇంజనీరింగ్ అమ్మాయికి వాళ్ళమ్మ కిడ్నీ ఇచ్చింది. ఆపరేషన్ అయిన నెలల్లోనే నేను రిటైరయ్యాను. ఆ తర్వాత ఆమె సంగతులు అంతగా తెలియలేదు. పోయినేడు ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది. చుట్టూ ఒకటే గోల, మాట సరిగ్గా వినిపించడం లేదు.

"సిస్టర్, పార్కుల ఉన్న! ఫ్రెండ్స్‌తోటి వచ్చిన. పడవ లైన్ల ఉన్నం. పెద్దది ఎక్కద్దన్నడు డాక్టర్ సార్."

"ఎండ ఉన్నదా?"

"మస్తున్నది. రెండు బాటిళ్ళు తాగిన సిస్టర్. గంటాయె లైన్ల నిలవడి. ఇగ మా ముంగట కొంచమే ఉన్నరు. గని అర్జెంటుగ బాత్రూంకు పోవాలె. పోతె నా జాగ పోతది. ఏం జెయ్యాలె?"

ఆమె నవ్వడం లేదు. నిజంగానే అడుగుతోంది. ముందున్న మనుషులను లెక్కపెట్టుకుంటూ, నిలవలేక కాలు మార్చి కాలు వేస్తూ ఉండి ఉంటుంది. నేను కుర్చీలో కూర్చున్నాను.

"పో బిడ్డా," అన్నాను. "పోయి మళ్ళ ఎనక నిలవడు."